టైగర్, స్వెటర్, చిన్న తలుపు

చిరంజీవులు మనవరాలికీ, మనవడికీ తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. మీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. నేను చదివాక మీ అమ్మమ్మ మళ్లీ నాకే పైకి చదివి వినిపించింది. నేను ఏదైనా సగం సగమే చదువుతానని ఆవిడ నమ్మకం.

నీ ప్రశ్న ఇదీ కదా బంగారం: "పెద్ద తలుపుకి అడుగున టైగర్ కోసం చిన్న తలుపు పెట్టించాం. అది దాని ముందు కూర్చుని కుయ్యిమంటోంది తప్ప దూరడం లేదు. తమ్ముడు దూరి చూపించాడు కూడా. టైగర్‌కి బుర్ర లేదా తాతయ్యా?"

ముందు తమ్ముడి సంగతి తేలుద్దాం. వాడు భుజాలు ఇరుక్కుని కెవ్వుమన్నాడనీ, నాన్న కాళ్లు పట్టుకుని వెనక్కి లాగాడనీ ఉత్తరం చివర్న చిన్న అక్షరాల్లో రాశావు. అదంతా కళ్లారా చూసిన కుక్క ఏదైనా ఆ కన్నంలో తల పెడుతుందా? టైగర్‌కి బుర్ర ఉందనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఇక తలుపు సంగతి. కుక్కకి తలుపు అంటే మనిషి వచ్చి తీసేది. మూసి ఉన్నంతసేపూ అది గోడే. గోడ ముందు కూర్చుని మూలిగితే ఎవరో ఒకరు లేచొచ్చి తీస్తారు. ఇన్నేళ్లూ టైగర్ నేర్చుకున్న పాఠం ఇదే, నేర్పిందీ మీరే. ఇప్పుడు ఉన్నట్టుండి ఆ గోడలోనే ఒక ముక్క చూపించి, "మొహంతో తోసుకుని పో" అంటున్నారు. మొహంతో!

మొహంతో దూరడం ఎంత కష్టమో నాకు తెలుసు. నా స్వెటర్ కథ మీకెప్పుడూ చెప్పలేదనుకుంటాను.

నాకు ఆరేళ్లప్పుడు మా పెద్దమ్మ ఒక స్వెటర్ అల్లింది. ఎర్రది. అన్నీ బాగానే కుదిరాయి గానీ మెడ బిగుతు. ఇంటినిండా చుట్టాలున్న రోజు నలుగురికీ చూపించాలని మా అమ్మ దాన్ని నా తలమీంచి తొడిగి కిందికి లాగింది. నుదురు దాటి చెవుల దగ్గర ఆగిపోయింది. కళ్ల ముందు ఎర్రటి చీకటి. ఉన్ని ముక్కుకి గుచ్చుకుంటోంది, నా ఊపిరి వేడిగా నాకే తిరిగొస్తోంది. అందరూ నవ్వుతున్నారని వినపడుతోంది, ఎటు నుంచో తెలియడం లేదు. అమ్మేమో "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటూ లాగుతోంది. నేను విదిలించుకుని ఆ స్వెటర్ తలకి ఉండగానే పరుగెత్తాను. తిన్నగా వెళ్లి స్తంభానికి గుద్దుకున్నాను.

ఆ తర్వాత ఏడాది పాటు ఆ స్వెటర్ ఉన్న అల్మారా తలుపు ఎవరైనా తీస్తే చాలు, నేను గదిలో ఉండేవాణ్ణి కాదు.

మీ చిన్న తలుపు టైగర్‌కి ఆ స్వెటర్ మెడే అనుకోండి. దాని మూతి మీదా కళ్ల పైనా గట్టిగా నిలబడి ఉండే వెంట్రుకలు చూశారా? అవి ఉత్త వెంట్రుకలు కావు. వాటి మొదళ్ల చుట్టూ నరాలు బోలెడు. పైనుంచి వేలాడే తలుపు రెక్క తగలగానే "ఏదో మీద పడుతోంది" అని ముందుగా కబురు చెప్పేవి అవే. నాకు ఉన్ని గుచ్చుకున్నట్టే. ఆపైన చప్పుడు. గాలికి ఊగకుండా పట్టి ఉంచడానికి రెక్క కింది అంచులో అయస్కాంతం పెడతారు. మూసుకున్నప్పుడల్లా అది టక్కుమంటుంది. మనకది చిన్న చప్పుడే. కానీ మన చెవి సెకనుకు 20,000 కంపనాల దాకా వింటే, కుక్క చెవి దాదాపు 45,000 దాకా వింటుంది. ఆ టక్కులో మనం వినని సన్నటి చప్పుళ్లు కూడా ఉంటే అవి టైగర్ చెవిన పడతాయి. అన్నిటికన్నా పెద్ద టెన్షన్ దూరాక మొదలవుతుంది. రెక్క వీపు మీదుగా జారుకుంటూ వచ్చి తోక మీద పడుతుంది, వెనకనుంచి ఎవరో తట్టినట్టు. స్వెటర్లో అయితే ఇది చేతులు చిక్కుకునే ఘట్టం.

మరి నేను మళ్లీ దాన్ని ఎలా వేసుకున్నాను?

మా పెద్దమ్మ ఏమీ అనలేదు. ముందు మెడ విప్పి వదులుగా అల్లింది. నా పక్కన కూర్చుని, స్వెటర్ కింది నుంచి చెయ్యి పెట్టి, మెడలోంచి వేళ్లు బయటికి ఆడించి, నా ముక్కు పట్టుకుంది. నవ్వొచ్చింది. రెండు రోజులు అదే ఆట. మూడో రోజు స్వెటర్ మొత్తాన్ని రెండు చేతుల్లోకి పోగు చేసి దండలా పట్టుకుని, "ఇందులోంచి నాకు నీ మొహం కనపడుతుందా చూద్దాం" అంది. లాగలేదు, తొడగలేదు. దండ పట్టుకుని కూర్చుంది, అంతే. చివరి జానెడూ నేనే దూరాను.

దీనికి శాస్త్రంలో పెద్ద పెద్ద పేర్లున్నాయి. మీ టీచర్‌ని అడిగితే పావ్లోవ్ పేరు చెప్తారు. కుక్కల మీద ఏళ్ల తరబడి పనిచేసిన రష్యా శాస్త్రవేత్త ఆయన, జీర్ణక్రియ మీద చేసిన పనికి 1904లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన్ని తర్వాత చదువుకోండి. ఇప్పటికి మా పెద్దమ్మ చాలు.

ఆవిడలాగే మొదట మెడ సరిపోయిందో లేదో చూడండి. టైగర్‌ని నిలబెట్టి, నేల నుంచి దాని మెడా వీపూ కలిసే చోటి దాకా టేపుతో కొలవండి. కన్నం పై అంచు అంతకన్నా ఒకటి రెండు అంగుళాలు ఎత్తులో ఉండాలి. ఒంట్లో ఎక్కడ బాగా వెడల్పుగా ఉందో కొలిచి, ఇంకో రెండంగుళాలు కలుపుకోండి. అది కన్నం వెడల్పు. గడప కూడా చూడండి. దూకకుండా మామూలుగా కాలెత్తి దాటగలగాలి. ఎత్తుగా ఉంటే ముందొక చెక్క మెట్టు వేయండి, కదలకుండా.

నిలబెట్టి కొలవమని ఎందుకు అంటున్నానంటే, ఒకప్పుడు మా కుక్కకి ఇలాంటి తలుపే పెట్టించాలని నేను కూర్చున్న కుక్కని కొలిచాను. కన్నం చిన్నదైంది. అది వంగి దూరాల్సి వచ్చేది, దూరనంది. నా తప్పు ఒప్పుకోవడం ఇష్టం లేక ఒకరోజు దాని నడుం పట్టుకుని తోశాను. దూరింది. దూరి, ఇల్లంతా చుట్టి, పెద్ద తలుపు దగ్గరికొచ్చి నిలబడింది. ఆ తర్వాత నేను ఆ గదిలో అడుగు పెడితే మంచం కిందికి పోయేది. అమ్మ నన్ను లాగినట్టే నేనూ దాన్ని తోశాను చూశారా. మనకి నచ్చని పనిని మనమే ఇంకొకరికి చేస్తుంటాం, చేస్తున్నప్పుడు తట్టదు. అందుకే మీకు గట్టిగా చెప్పే మాట ఒక్కటే: టైగర్ వెనక చెయ్యి వేయకండి. ఎత్తి అవతల దించొద్దు కూడా.

తర్వాత దండ. అంటే రెక్క లేని ఉత్త కన్నం. రెక్క ఊడదీయగలిగితే నాన్న చేత తీయించండి. లేదంటే పైకి మడిచి గట్టి టేపుతోనో తాడుతోనో కట్టేయించండి. కట్టు ఊడి నెత్తిన పడిందో, కథ మొదటికొస్తుంది. ఒకరు లోపల, ఒకరు బయట కూర్చోండి. బయట కూర్చున్న వాళ్ల చేతిలో దానికి ప్రాణమైన తిండి ఉండాలి, గోరంత ముక్కలుగా. చాక్లెట్ మాత్రం వద్దు, కుక్కలకి అది విషం. మొదటి ముక్క కన్నానికి ఇవతలే వేయండి. తర్వాతది గడప మీద. తర్వాతది గడప అవతల, మూతి చాపితే అందేటట్టు. తల పెట్టి వెనక్కి తీసేసుకుంటే తీసుకోనివ్వండి. ముక్క దక్కింది కదా, మళ్లీ వస్తుంది. పిలిచేటప్పుడు బతిమాలొద్దు, ఆటకి పిలిచినట్టు పిలవండి. రాకపోతే "అయ్యో" అనొద్దు.

బయటికి వెళ్లడం వచ్చేసిందంటే లోపలికి రావడమూ వచ్చేసినట్టే అనుకుంటారు మీరు. టైగర్ అలా అనుకోదు. దానికి అవి రెండు వేరు వేరు తలుపులు. అటు నుంచి వెలుగు వేరు, గడప ఎత్తు వేరు, వాసన వేరు. ఇటు నుంచి నేర్పినంత ఓపికగా అటు నుంచీ నేర్పాలి.

కన్నంలోంచి పరుగులు పెట్టడం మొదలయ్యాక రెక్క చోట ఒక పాత తువ్వాలు వేలాడదీయండి. మెత్తగా ఉంటుంది, చప్పుడు చేయదు, టైగర్‌కి తెలిసిన వాసనే. మొదట పక్కకి తీసి పట్టుకోండి, తర్వాత సగం దించండి, తర్వాత వదిలేయండి. ఇక్కడ నా స్వెటర్ పోలిక కాస్త సాగుతోందని మీ అమ్మమ్మ పక్కనుంచి అంటోంది. సాగనీ, ఉన్నే కదా.

తువ్వాలు అలవాటయ్యాక అసలు రెక్క. అయస్కాంతం మీద మందంగా టేపు చుట్టండి, టక్కు మెత్తబడుతుంది. మొదట రెక్కని చేత్తో పూర్తిగా ఎత్తి పట్టుకోండి. రోజురోజుకీ కొంచెం కొంచెం దించండి, మొదట చెవికి తగిలేటంత, తర్వాత వీపుకి తగిలేటంత. దూరాక చేత్తో మెల్లగా దించి మూయండి, తోక మీద పడనివ్వకండి. చివరికి అంగుళం సందు మాత్రమే ఉంచి, ఆ సందులోంచి ముక్క వాసన చూపించండి. ముక్కుతో తోస్తుంది. అప్పుడు పొగడండి, ఎంత పొగిడినా ఎక్కువ కాదు. ఆఖరున అయస్కాంతం టేపు విప్పేయండి.

ఒక్కో పూట ఐదు నిమిషాలు చాలు, రోజుకి రెండు మూడు పూటలు. "ఇంకా ఆడదాం" అని దాని తోక అంటుండగానే ఆపేయాలి. నిద్ర రాకుండానే ఆవలిస్తున్నా, నోట్లో ఏమీ లేకుండా మూతి నాక్కుంటున్నా, కంటి తెల్లగుడ్డు పక్కన నెలవంకలా కనపడుతున్నా దానికి భయంగా ఉందన్నమాట. ఒక మెట్టు వెనక్కి దిగండి. కొన్ని కుక్కలు ఒక్క పూటలో నేర్చుకుంటాయి, కొన్నిటికి వారాలు పడుతుంది. టైగర్ ఏ రకమో టైగరే చెప్తుంది. దాటడం వచ్చిన ఇంకో కుక్క దానికి స్నేహంగా ఉంటే ఒకరోజు పిలవండి, తమ్ముడి కన్నా మంచి టీచర్ అవుతుంది.

రాత్రిళ్లు ఆ కన్నానికి అడ్డంగా పలక దించుతారు కదా, అది దించేటప్పుడు టైగర్‌కి చూపించి దించండి. నిన్న తెరుచుకున్నది ఇవాళ మూతికి గట్టిగా తగిలితే మళ్లీ గోడ అయిపోతుంది. మెడ పట్టీలోని బిళ్లని గుర్తుపట్టి తెరుచుకునే తలుపులు కూడా ఉన్నాయి. కొన్నిటికి మోటారు గురగుర ఉంటుంది, దాన్నీ విడిగా అలవాటు చేయాల్సిందే. మీది మామూలుది, అదే నయం.

ఇంగ్లండులో ఎక్సెటర్ అనే ఊళ్లో ఒక పెద్ద పాత చర్చి ఉంది. లోపల గోడ మీద పెద్ద గడియారం, దాని కింద చెక్క తలుపు, ఆ తలుపు అడుగున గుండ్రటి కన్నం. గడియారం దగ్గర చేరే ఎలుకల్ని పట్టాలని 1598లో అక్కడి బిషప్ తన పిల్లి కోసం కోయించిన కన్నమట అది. రెక్క లేదు, టక్కు లేదు. ఆ పిల్లిని ఎవరూ పిలిచి ఉండరు. అవతల ఎలుకలుంటే పిల్లిని వేరే పిలవాలా? మీ పెరట్లో టైగర్‌కి ఏముందో ఆలోచించారా? ఏమీ లేకపోతే మీరుండండి. నాకు స్వెటర్ అవతల పెద్దమ్మ మొహం ఉంది.

దూరే క్షణం ఎలా ఉంటుందో ఉత్తరంలో చెప్పలేను. మా కుక్క చివరికి దూరింది (కన్నం మళ్లీ పెద్దది చేయించాక). ముందు కాళ్లు బయట, వెనక కాళ్లు లోపల, వీపు మీద రెక్క బోర్లించిన పుస్తకంలా ఆనుకుని ఉంది. అలా నిలబడి కాసేపు గాలి వాసన చూసింది. ఎవరం ఊపిరి తీయలేదు. ఉన్నట్టుండి తోక కూడా మాయమైంది, రెక్క రెండుసార్లు ఊగి ఆగిపోయింది.

రేపు పొద్దున మీరిద్దరూ టైగర్ పక్కన నేల మీద బోర్లా పడుకోండి. గడ్డం నేలకి ఆనించి ఆ చిన్న తలుపు వైపు చూడండి. రెక్కలోంచి ఏం కనపడుతోంది, కింది సందులోంచి గాలి మొహానికి ఎలా తగులుతోంది, అప్పుడు టైగర్ ముక్కు ఎటు తిరుగుతోంది, అన్నీ నాకు రాయండి. కాసేపు కదలకుండా పడుకోవాలి సుమా. తమ్ముణ్ణి మాత్రం దూరనివ్వకు.

మీ తాతయ్య