తల్లీబిడ్డల అనుబంధం: తల్లి మనసును ఆలస్యంగా చూసిన శాస్త్రం

బిడ్డ పుట్టగానే తల్లికి మమత ఉప్పొంగి తీరుతుందని చాలామంది నమ్మకం. అలా అనిపించని తల్లి లోపం తనలోనే ఉందనుకుని లోలోపల కుమిలిపోతుంది. ఈ నమ్మకానికి కొంతకాలం సైన్స్ కూడా బలం చేకూర్చింది.

పిట్యూటరీ గ్రంథి వెనుక భాగం నుంచి తీసిన సారం గర్భాశయాన్ని ముడుచుకునేలా చేస్తుందని 1906లో హెన్రీ డేల్ గమనించారు. అందులో ఉన్న ఆక్సిటోసిన్‌ను 1953లో విన్సెంట్ డు విన్యో ప్రయోగశాలలో తయారు చేశారు, 1955లో నోబెల్ అందుకున్నారు. అప్పటికి అది కాన్పు నొప్పులకూ, పాలు చేపుకు రావడానికీ సంబంధించిన హార్మోన్ మాత్రమే. 1979లో పెడర్సన్, ప్రాంజ్ దాన్ని ఎప్పుడూ ఈనని ఆడ ఎలుకల మెదడులోకి ఎక్కించి చూశారు. వాటిలో చాలా ఎలుకలు పరాయి పిల్లల్ని నోట కరుచుకుని గూటికి చేర్చాయి, నాకి సాకాయి. అయితే ముందుగా ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ అందిన ఎలుకల్లోనే ఈ మార్పు బాగా కనిపించింది. ‘ప్రేమ హార్మోన్’ అన్న పేరు ప్రచారంలోకి వచ్చాక ఈ షరతును అంతా మరిచిపోయారు.

ఇంతకుముందే మనస్తత్వ శాస్త్రం తల్లి వైపు వేలు చూపించింది. 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం జాన్ బౌల్బీ రాసిన నివేదిక, పసితనంలో తల్లి ఆలన దొరకకపోతే పిల్లల మానసిక ఆరోగ్యం దెబ్బతింటుందని చెప్పింది. 1972లో క్లాస్, కెనెల్ 28 మంది తల్లులపై చేసిన అధ్యయనం ఇంకాస్త ముందుకెళ్లింది. కాన్పయిన మొదటి మూడు రోజుల్లో బిడ్డతో అదనంగా 16 గంటలు గడిపిన తల్లులు నెల తర్వాత బిడ్డను ఎక్కువగా దగ్గరికి తీసుకున్నారు. పుట్టిన బిడ్డను తల్లికి దూరంగా ఉంచే ఆసుపత్రి పద్ధతులు మారడానికి ఇలాంటి పని తోడ్పడింది, అది గొప్ప మేలు. కానీ తొలి గంటలు చేజారితే బంధం కూడా చేజారినట్టే అన్న భయం కూడా దాని వెంటే వచ్చింది. ఆపరేషన్‌తో కన్నవాళ్లు, నెలలు నిండక పుట్టి ఇంక్యుబేటర్‌లో ఉన్న పిల్లల తల్లులు ఎంత టెన్షన్ పడి ఉంటారో! తర్వాతి పరిశోధనల్లో ఆ తొలి గంటల సిద్ధాంతం నిలబడలేదు. క్లాస్, కెనెల్ కూడా తమ వాదనను సడలించారు.

తల్లి మనసు గురించిన చరిత్ర వేరే దారిలో నడిచింది. గర్భిణులు, బాలింతల మానసిక వ్యాధులపై లూయీ విక్తోర్ మార్సే 1858లోనే ఫ్రెంచిలో ఒక గ్రంథం రాశారు. తర్వాత వైద్యుల దృష్టి ఎక్కువగా తీవ్రమైన ఉన్మాదం మీదే నిలిచింది. బయటికి కనిపించని డిప్రెషన్ సుమారు పదిమంది బాలింతల్లో ఒకరికి వస్తోందని 1968లో బ్రైస్ పిట్ చూపించారు. దాన్ని పసిగట్టడానికి ఎడిన్‌బరా స్కేల్ అనే పది ప్రశ్నల పట్టిక 1987లో గానీ రాలేదు.

ఈ డిప్రెషన్ వెనుక ఉన్న శరీరధర్మం 2000లో వెలువడిన ఒక అమెరికా ప్రయోగంలో స్పష్టంగా కనిపించింది. గర్భవతులు కాని 16 మంది స్త్రీలలో హార్మోన్లను గర్భిణుల్లో ఉండే స్థాయికి పెంచి, ఎనిమిది వారాల తర్వాత ఆపేశారు. గతంలో కాన్పు తర్వాత డిప్రెషన్ వచ్చిన ఎనిమిది మందిలో ఐదుగురు కుంగిపోయారు. రానివాళ్లలో ఒక్కరు కూడా కుంగలేదు. హార్మోన్ల పతనం అందరికీ ఒక్కటే, తేడా దాన్ని తట్టుకునే మెదడులో ఉంది. ఇది బిడ్డపై ప్రేమ లేకపోవడం కానే కాదు.

మరి బిడ్డ సంగతి? 1978లో ఎడ్వర్డ్ ట్రానిక్ బృందం తల్లులను కాసేపు ముఖంలో ఏ భావమూ లేకుండా బిడ్డ ఎదుట కూర్చోమంది. పసివాళ్లు మొదట నవ్వి, కేరింతలు కొట్టి తల్లిని కదిలించాలని చూశారు, ఫలితం లేక ముఖం తిప్పుకున్నారు. డిప్రెషన్‌లో ఉన్న తల్లి ముఖం బిడ్డకు ఎలా కనిపిస్తుందో దీన్నిబట్టి ఊహించవచ్చు. కానీ నాకు ఇంతకంటే ముఖ్యమనిపించేది ట్రానిక్ తర్వాత చెప్పిన మాట. ఆరోగ్యంగా ఉన్న తల్లీబిడ్డల మధ్య కూడా శ్రుతి తరచూ తప్పుతూనే ఉంటుంది, మళ్లీ కలుపుకోవడంలోనే బంధం బలపడుతుంది.

కాన్పుతో ఒక్కసారిగా పడిపోయే అల్లోప్రెగ్ననలోన్ అనే హార్మోన్‌లా మెదడుపై పనిచేసే రెండు మందులకు, ఈ డిప్రెషన్ చికిత్స కోసం అమెరికాలో 2019లో, 2023లో అనుమతి వచ్చింది. మొదటిదాన్ని 60 గంటల పాటు నరంలోకి ఎక్కించేవారు, రెండోది 14 రోజులు మింగే మాత్ర. అయితే మాటలతో చేసే చికిత్సపై జరిగిన అధ్యయనాల్లో, తల్లి డిప్రెషన్ తగ్గినంత మాత్రాన బిడ్డతో సంబంధం దానంతటదే మెరుగుపడలేదు. అందుకే తల్లికి చికిత్స చేస్తూనే, బిడ్డ సైగలు గమనించి స్పందించేలా ఇద్దరికీ కలిపి సాయం చేసే పద్ధతులపై ఇప్పుడు పని సాగుతోంది.