మెయిల్ అంటే వలకన్ను

చిన్నూ, బుజ్జీ,

మొన్న ఫోన్లో అడిగారు కదా, "తాతయ్యా, ఇనుప కవచాన్ని చెయిన్ మెయిల్ అంటారే, ఈమెయిల్‌కీ దానికీ ఏమైనా చుట్టరికం ఉందా?" అని. లేదర్రా. ఉత్తరాల మెయిల్ పాత ఫ్రెంచిలో సంచికున్న పేరు. మోసే సంచి పేరే ఉత్తరాలకు అంటుకుంది. కవచం మెయిల్‌ది వేరే పుట్టుక. లాటిన్లో 'మకులా' అంటే మచ్చ, వలకన్ను కూడా. అదే ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చి మెయిల్ అయింది. మన జాలర్లు కూడా వల సందుని కన్ను అనే అంటారు కదా! అందుకే నాకు ఈ మాట అంటే అంత ఇష్టం.

నిజంగానే అది ఇనుముతో అల్లిన వల. ఒక్కో రింగులోంచి చుట్టూ ఉన్న నాలుగు రింగులు దూరతాయి. తీగను కడ్డీకి చుట్టి, రింగులుగా కత్తిరించి, కొసలు చదును చేసి, చిల్లి పెట్టి, చిన్న రివిట్టు కొట్టి మూస్తారు. ఒక్క చొక్కాకు ఇలాంటివి వేలకు వేలు కావాలి. కత్తి కోతను అది ఆపుతుంది, దెబ్బ అదురును మాత్రం ఆపలేదు. అందుకని లోపల దూది కుట్టిన మందపాటి అంగీ తొడుక్కునేవారు. దాని పేరు అకెటన్. పత్తికి అరబ్బీలో ఉన్న 'అల్ ఖుత్న్' నుంచి వచ్చింది. మీ అమ్మ కాటన్ చీరలోని కాటన్ కూడా అక్కడిదే.

1066లో ఫ్రాన్సు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును గెలవక ముందు అక్కడివాళ్లు ఈ చొక్కాను 'బిర్నె' అనేవారు. బేవుల్ఫ్ అనే పాత ఇంగ్లీషు కావ్యంలో వీరులు నడుస్తుంటే ఆ రింగులు పాడాయని ఉంది. తర్వాత ఫ్రెంచి నుంచి 'హాబర్క్' వచ్చింది. దాని మూలార్థం మెడకాపు. మెడను కాచిన మాట కిందికి జారి మోకాళ్ల దాకా వచ్చే చొక్కాకు పేరైంది! దానికన్నా పొట్టిది హాబర్జన్. 14వ శతాబ్దపు కవి చాసర్ వర్ణించిన యోధుడు యుద్ధం నుంచి నేరుగా తీర్థయాత్రకు వచ్చేశాడు. అతని ముతక బట్టల నిండా హాబర్జన్ మరకలే. ఒక యోధుడి బతుకంతా నాకు ఆ మరకల్లో కనిపిస్తుంది. ఆ కాలపు కావ్యమే ఇంకొకటి, ఆర్థర్ రాజు కొలువులోని యోధుడు గవేన్ కథ. అందులో ప్రయాణానికి ముందు అతని కవచం రింగుల తుప్పు వదలగొడతారు. అక్కడ కవచానికి వాడిన మాట 'బ్రూనీ', బిర్నెకు చుట్టం.

ఇంతకీ ఆ కాలంవాళ్లు 'చెయిన్ మెయిల్' అనలేదు. ఉత్త మెయిల్ అనే అన్నారు. చెయిన్ అన్నది 18వ శతాబ్దంలో పాత వస్తువుల మీద రాసిన పండితులు తగిలించిన తోక.

సెలవులకు రండి. రాగి తీగ, పట్టకారు తీసి పెడతాను. అరచేయంత వల అల్లుదాం.

మీ తాతయ్య