ఎవరిదో యుద్ధం, మనోడెట్ల పోయిండు?

2024ల మా నారాయణపేట దిక్కు పిలగాడొకడు రష్యా సైన్యంల ఇరుక్కున్నడని పేపర్ల చూసినప్పుడు మా ఇంట్ల వచ్చిన మొదటి మాట "మనోనికి ఆ యుద్ధంతోని ఏం పనిరా" అని. హెల్పర్ పని, మంచి జీతం అని ఆశపెట్టి ఏజెంట్లు తోలుకపోయిండ్రు, ఆడ దిగినంక ట్రైనింగ్ ఇచ్చి ఉక్రెయిన్ యుద్ధంల దించిండ్రు. సెప్టెంబర్‌ల వాపస్ వచ్చిండు. హైదరాబాద్ నుంచి గట్లనే పోయిన ఇంకొకాయన మాత్రం ఆడనే పాణం ఇడిసిండు.

నిజానికి రీసెర్చర్లు విదేశీ ఫైటర్లు అన్నప్పుడు ఇసొంటోళ్లను ఎక్కువ లెక్కల పట్టరు, జీతానికి పోయినోడు వేరు, పైసల ఆశ లేకుండ పరాయి దేశంల కొట్లాడేటోడు వేరు అంటరు. 1936-39 స్పెయిన్ అంతర్యుద్ధంల తిరుగుబాటు జనరల్ ఫ్రాంకో మీద కొట్లాడనీకి సుమారు 35 వేల మంది ఎక్కడెక్కడి నుంచో పోయి ఇంటర్నేషనల్ బ్రిగేడ్లల చేరిండ్రు, అండ్ల నాగపూర్ ఆయన గూడ ఉన్నడు, గోపాల్ ముకుంద్ హుద్దార్, లండన్‌ల ఉన్నోడు జాన్ స్మిత్ అని పేరు పెట్టుకోని పోయి 1938ల దొరికిపోయి జైల్ల పడ్డడు.

పేదరికం వల్ల పోతరు అనుడు సులువు. బెన్‌మెలెక్, క్లోర్ అనే ఎకనామిస్టులు ఐసిస్‌ల చేరినోళ్లను దేశాలవారీగ లెక్కేస్తే ఆ మాట నిలబడలే, బెల్జియం అసొంటి ఉన్నోళ్ల దేశాల నుంచి గూడ మస్తు మంది పోయిండ్రు.

మరి ఏందంటే, 2007ల ఇరాక్‌ల సింజార్ దగ్గర అమెరికా సైన్యానికి దొరికిన అల్‌ఖైదా రిజిస్టర్లు చూడుర్రి. తమ దిక్కు కొట్లాడనీకి బయటి దేశాల నుంచి వచ్చినోళ్ల పేర్లు, ఊర్లు అండ్ల రాసుకున్నరు. లిబియాల డెర్నా అని చిన్న ఊరు, ఆ ఒక్క ఊరి నుంచే 52 మంది. లక్షల జనం ఉన్న రియాద్ నుంచి 51 మంది!

మా పాలమూరు వలస చూసినోళ్లకు ఇది వింత అనిపియ్యది. గుంపు మేస్త్రీ ఊళ్లెకొచ్చి అడ్వాన్స్ ఇస్తడు, మొదలు బామ్మర్దిని తీస్కపోతడు, తర్వాత బామ్మర్ది దోస్తును, ఇంక రెండేండ్లకు ఆ వాడకట్టు మొత్తం గిన్నెలు మూటలు కట్టుకోని ముంబై బస్సెక్కుతది. పక్క తండా మాత్రం పుణె పోతది. రెండు తండాల కరువు ఒక్కటే, ముందు పోయినోడే వేరు. మార్క్ సేజ్‌మన్ అనే రీసెర్చర్ జిహాదీ గుంపుల మీద చేసిన పనిల గూడ దోస్తులు, చుట్టాలే ముందల కనిపిస్తరు, సిద్ధాంతం చాలసార్లు వెనకనే వస్తది.

పోయినంక ఎందుకు ఉంటరు అంటే అది ఇంకో ముచ్చట. లిబియా 2011 తిరుగుబాటుల ముందు వరుసల కొట్లాడినోళ్లను అడిగితే దాదాపు సగం మంది ఇంటోళ్ల కంటే తమ దళమే దగ్గర అన్నరు. వాళ్లు విదేశీయులు కాదులె, సొంత దేశపోళ్లే, గని ఆ ముడి పడే తీరు అదే.

రష్యా కేసుల ఒక్కటి మాత్రం మా మేస్త్రీ లెక్క లేదు. మేస్త్రీ పీర్ల పండగకు ఊరికొస్తడు, మోసం చేస్తే గల్లా పట్టొచ్చు. ఈ ఏజెంటు యూట్యూబ్ వీడియోల ఉంటడు.