తొట్టి సంగతి తర్వాత, ముందు మేత

చిన్నీ, బుజ్జీ,

ఇంగ్లండులో మీ పెరటి గుంటలో న్యూట్ (కప్పలా నీళ్లలో పుట్టి, బల్లిలా తోకతో ఉండే ప్రాణి) గుడ్లు పెట్టిందనీ, వాటిని అక్వేరియంలో పెంచుతారనీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన దేశంలో న్యూట్లు డార్జిలింగ్ వైపు, ఈశాన్య రాష్ట్రాల కొండల్లో తప్ప లేవు. మన కాకినాడ తాతకి వాటి గురించి ఏం తెలుసనుకోకండి. రొయ్యల హేచరీలో లార్వాలను, అంటే గుడ్డు నుంచి అప్పుడే బయటికొచ్చిన పిల్లలను, పెంచిన చెయ్యి ఇది.

ముందు అవి ఏ న్యూటువో చూసుకోండి. తల్లి ఒక్కో గుడ్డునీ నీటి మొక్క ఆకులో మడిచి పెడుతుంది. మడత విప్పకుండా పక్కనుంచి చూడండి. గోధుమరంగు కలిసిన బూడిద రంగైతే మామూలు స్మూత్ న్యూట్ లాంటిది. తెల్లగా, కాస్త పెద్దగా ఉంటే గ్రేట్ క్రెస్టెడ్ న్యూట్ కావచ్చు. ఇంగ్లండులో 1981 నాటి వన్యప్రాణి చట్టం నుంచీ దానికి రక్షణ ఉంది. లైసెన్సు లేకుండా దాన్ని పట్టుకున్నా, గుడ్లు తీసినా నేరమే. అనుమానం వస్తే వదిలేయండి.

గుడ్డు పగలడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఆలోగా మేత సిద్ధం కావాలి. కప్ప పిల్లల్లా ఇవి పాచి గీక్కుని బతకవు, కదిలేదాన్నే తింటాయి. చేపల మేత పొడి వేస్తే అడుగున కుళ్లడమే. పుట్టిన ఒకటి రెండు రోజులు కడుపులో ఉన్న పచ్చసొనతో గడిచిపోతుంది, ఆ తర్వాత ఆకలే.

మన హేచరీల్లో రొయ్య పిల్లలకు పెట్టే ఆర్టీమియానే (ఉప్పునీటిలో బతికే చిన్న రొయ్యలాంటి పురుగు) వీటికీ పెట్టొచ్చు. లీటరు నీళ్లలో పాతిక గ్రాముల ఉప్పు కలిపి, చిటికెడు సిస్టులు (దాని ఎండు గుడ్లు) వేసి, గాలి పంపు పెట్టి వెచ్చగా ఉంచండి. ఒక రోజు గడిచాక గాలి ఆపేయండి. ఖాళీ డొల్లలు పైకి తేలతాయి. సీసా అడుగున ఒక పక్కన టార్చి పెడితే పుట్టిన ఆర్టీమియా పిల్లలు, ఆ నారింజ రంగు నలుసులన్నీ, వెలుతురు దగ్గరికి చేరతాయి. సన్న గొట్టంతో లాగి, పల్చని గుడ్డలో వడకట్టి, మంచినీళ్లతో కడిగి వేయండి. డొల్లలు మాత్రం తొట్టిలోకి పోనివ్వొద్దు. మంచినీళ్లలో ఈ నలుసులు కొన్ని గంటలకే చస్తాయి, అందుకే కొంచెం కొంచెంగా వేయాలి. న్యూట్ లార్వాలు పెద్దవయ్యాక డాఫ్నియా (నీటి ఈగ అనే చిన్న పురుగు) పెట్టండి.

తొట్టికి పెద్ద హంగులక్కర్లేదు. అడుగున గులకరాళ్లు వద్దు, మురికి కనబడాలి. లోతు తక్కువ, నీటి మొక్కలు ఎక్కువ, స్పాంజ్ ఫిల్టర్ ఒకటి. మోటారు ఫిల్టరైతే పిల్లల్ని లోపలికి లాగేస్తుంది. వాననీళ్లు మేలు. కుళాయి నీళ్లలో క్లోరమిన్ (క్రిములు చావడానికి కలిపే క్లోరిన్ రకం) ఉంటే నిలవ ఉంచినా పోదు, దాన్ని పోగొట్టే మందు కలపాల్సిందే. నీళ్లు 20 డిగ్రీలు దాటనివ్వకండి, కిటికీ ఎండ తగలకుండా చూడండి. గుంట నీళ్లు తెస్తే వడకట్టండి, తూనీగ పిల్ల ఒక్కటి దూరినా చాలు, లార్వాలన్నిటినీ కాజేస్తుంది.

ఇరుగ్గా ఉంచితే అవే ఒకదాని కాళ్లు ఒకటి కొరుక్కుంటాయి. కంగారు పడకండి, మళ్లీ మొలుస్తాయి, అయినా సైజుల వారీగా వేరు చేయడం మంచిది. కప్ప పిల్లకు ముందు వెనక కాళ్లు వస్తాయి కదా, వీటికి ముందు కాళ్లే వస్తాయి, చూస్తూ ఉండండి. మెడ పక్కన కుచ్చుల్లా ఉన్న మొప్పలు కుంచించుకుపోతున్నాయంటే నీళ్లు వదిలి గట్టెక్కే రోజు దగ్గరపడినట్టే. అప్పుడు నీళ్లు తగ్గించి, ఎక్కడానికి బెరడు ముక్క వేసి, మూత గట్టిగా పెట్టండి. తడి గాజు మీద తేలిగ్గా పాకేస్తాయి.

పెరిగినవాటిని తెచ్చిన గుంట దగ్గరే వదలండి, వేరే చెరువులో వద్దు, రోగాలు అంటుకుంటాయి. నాన్నకి చెప్పి సిస్టుల డబ్బా ఈ వారమే తెప్పించండి, తెరిచాక గాలి తగలకుండా ఫ్రిజ్‌లో పెట్టండి.

మీ తాతయ్య