రొజొ పండగ ఛెనాపోడ గురించి అమ్మమ్మ రాస్తున్న ఉత్తరం

పిల్లలూ,

మన ఒడిశా రొజొ పండగ అయిపోయి మీరంతా ఎవరి ఊళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయాక ఇల్లు బోసిపోయింది. ఫోన్లో చెబుదామంటే సగంలోనే "సరేలే అమ్మమ్మా" అనేస్తారు, అందుకే రాస్తున్నాను. మొత్తం చదవండి.

పండగ రెండో రోజు రాత్రి మంచినీళ్ళ కోసం లేచాను. వంటింట్లో లైటు లేదు, ఫ్రిజ్ తలుపు మాత్రం తీసి ఉంది, ఆ వెలుగులో మీలో ఒకరు నిలబడి ఛెనాపోడ, అదే మనం పాల విరుగుడు కాల్చి చేసే మిఠాయి, తింటున్నారు. ఎవరో పేరు రాయను. పగలు అందరం వరండాలో కూర్చుని తింటుంటే "నాకొద్దు, డైట్‌లో ఉన్నాను" అని లేచి వెళ్ళిపోయిన పిల్లే. చేత్తో తుంచుకుంటూ, సరిగ్గా నమలకుండానే మింగుతూ, అటూ ఇటూ చూసుకుంటూ నాలుగు ముక్కలు తినేసింది. నేను చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చేశాను. తెల్లారి బరువు చూసుకుంటే కిలో పైనే పెరిగిందట, మధ్యాహ్నం దాకా పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. ఆ పిల్ల మొహమే నా కళ్ళ ముందు తిరుగుతోంది.

ముందు ఆ కిలో సంగతి చెబుతాను. ఒంటికి ఒక కిలో కొవ్వు పట్టాలంటే మనకి కావలసిన దానికంటే సుమారు 7,700 కేలరీలు ఎక్కువ తినాలి. ఆ రోజు మనం చేసిన ఛెనాపోడ మొత్తం ఒక్కరే తినేసినా అన్ని కేలరీలు రావు. మరి కాటా మీద పెరిగింది ఏమిటంటే, చాలావరకు నీళ్ళు. తీపీ అన్నమూ ఎక్కువ తిన్నప్పుడు ఒళ్ళు అందులో కొంత గ్లైకోజెన్ అనే నిల్వ పిండిపదార్థంగా మార్చి కండల్లోనూ కాలేయంలోనూ దాచుకుంటుంది, ఒక్కో గ్రాముతోపాటు దాదాపు 3 గ్రాముల నీరు కూడా ఉండిపోతుంది, దానికి తోడు పండగ వంటల్లో ఉప్పు. మామూలు తిండికి వచ్చేస్తే రెండు మూడు రోజుల్లో అదే దిగిపోతుంది. దాని కోసం పస్తులుండి, సాయంత్రానికి ఆకలికి ఆగలేక చిప్స్ ప్యాకెట్టు మీద పడితే అసలు నష్టం అక్కడ మొదలవుతుంది.

నాకిది చదివి తెలిసింది కాదు. యాభై రెండో ఏట డాక్టరు గారు నా బరువు 74 కిలోలు చూసి తగ్గాలమ్మా అన్నప్పుడు, ఇంటికొచ్చి ఆ రోజు నుంచి తీపి అన్నదే ముట్టనని ఒట్టు పెట్టుకున్నాను. నాలుగు నెలలు ముట్టలేదు. తర్వాత బరంపురంలో ఒక పెళ్ళికి వెళ్ళి, ఒక రసగోళా నోట్లో పడగానే ఒట్టు ఎలాగూ తప్పింది కదా అని ఇంకోటి, ఇంకోటి, చివరికి ఆయాసంతో పడుకున్నాను. మర్నాడు అన్నీ మానేసి మళ్ళీ పాత తిండికి వెళ్ళిపోయాను. ఆ పిల్లలో నేను చూసింది ఇదే. వద్దు వద్దని బిగపట్టుకున్న కొద్దీ ఆ మిఠాయి మనసులో పెద్దదైపోతుంది, రాత్రిపూట దొంగతనంగా తింటే దాని రుచి కూడా తెలియదు.

ఆ తర్వాత నాకు నిజంగా బరువు తగ్గించింది పండగ తీపి మానడం కాదమ్మా, రోజువారీ తీపి మానడం. రోజుకి ఐదు టీలు తాగేదాన్ని, ఒక్కో దాంట్లో రెండు చెంచాల పంచదార. చెంచా 4 గ్రాములనుకున్నా 40 గ్రాములు, 160 కేలరీలు, నెలకి 4,800. పెద్దవాళ్ళు రోజుకి 2,000 కేలరీలు తింటే కలిపిన చక్కెర 50 గ్రాములు దాటకూడదని, 25 లోపు ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. నా టీలే ఆ గీత దగ్గరికి తీసుకెళ్ళిపోయేవి, అదీ తీపి తిన్నానన్న తృప్తి లేకుండానే. టీలు రెండుకి తగ్గించి, చెంచా పంచదారకి దిగాను, మొదటి పది రోజులే కష్టం.

మీ సంగతికొస్తే, కాలేజీ క్యాంటీన్‌లో తాగే 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో చాలాసార్లు 30 గ్రాముల దాకా చక్కెర ఉంటుంది. మన ఛెనాపోడకి నేను అర కిలో ఛెనాకి 150 గ్రాముల పంచదార, రెండు చెంచాల బొంబాయి రవ్వ, యాలకులు వేస్తాను, పది ముక్కలు చేస్తే ముక్కకి 15 గ్రాములు. పైగా ఛెనా పాల విరుగుడు కదా, ప్రోటీను ఉంటుంది, కడుపు నిండినట్టు ఉంటుంది. రోజూ తాగే ఆ సీసాని పట్టించుకోకుండా ఏడాదికోసారి వచ్చే ఈ ముక్కని చూసి భయపడుతున్నారు!

బెల్లం అయితే ఎంతైనా తినొచ్చని బెల్లంతో కాల్చి చేసే పోడపిఠా వెంట పడిన వాళ్ళకి ఒక్క మాట, బెల్లం కేలరీల్లో పంచదారకి పెద్దగా తీసిపోదు.

మిగతా రోజుల్లో పళ్ళెం సరిచేసుకోండి, అదే పెద్ద పని. పొద్దున్న చోడి (రాగి) అంబలి. మధ్యాహ్నం అన్నం ఒక గరిటె తగ్గించి, గుమ్మడి, అరటికాయ, ములక్కాడ వేసి వండే పప్పు, అదే దాల్మా, ఒక గిన్నె పెంచండి. అది ఒడియా వాళ్ళ వంటే అయినా మన పర్లాకిమిడి ఇళ్ళలో మనదైపోయింది. నేను వీటితోపాటు రోజూ మహేంద్రతనయ ఏటి గట్టు మీద ముప్పావు గంట నడిచాను, పద్నాలుగు నెలల్లో ఎనిమిది కిలోలు తగ్గాను. ఆ పద్నాలుగు నెలల్లో అరిసెలూ తిన్నాను, రసగోళాలూ తిన్నాను.

మీలో ఇంకా ఎదిగే వయసు వాళ్ళున్నారు, ఫోన్లో ఎవరో చెప్పారని పూటలు మానొద్దు. ఆడపిల్లలకి మరీ, రక్తం తక్కువైతే చదువు మీద ధ్యాస కూడా నిలవదు. దాచుకుని తినడం, తర్వాత పస్తుండడం అలవాటుగా మారిందనిపిస్తే నాకు చెప్పండి, మీ అమ్మకి చెప్పండి, డాక్టరు దగ్గరికి కలిసి వెళ్దాం, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. షుగరు ఉన్న మీ మావయ్య లెక్క వేరు, ఆయన డాక్టరు చెప్పినట్టే తినాలి.

రథయాత్ర సెలవులకి రండి. ఛెనా నేను విరగ్గొట్టి పెడతాను, సాల ఆకులు సంత నుంచి తెచ్చే పని మీది. ఈసారి ఫ్రిజ్‌లో పెట్టేది ఏమీ ఉండదు, పది ముక్కలు కోసి, అడుగున మాడి ఎర్రబడ్డ అంచు ముక్క ఆ పిల్లకే ఇస్తాను, చిన్నప్పటి నుంచీ దానికి అదే ఇష్టం. వరండాలో నా పక్కన కూర్చుని తినాలి.

మీ అమ్మమ్మ,
పర్లాకిమిడి