ర్యాంపు ఎవరి కోసం?

చిరంజీవి అమ్ములుకు తాతయ్య ఆశీస్సులు. ఈ ఉత్తరం నీ స్నేహితులకూ చదివి వినిపించు.

"మా బడిలో చక్రాల కుర్చీ వాడేవాళ్లు ఒక్కరూ లేరు. మరి ర్యాంపు ఎందుకు కట్టారు తాతయ్యా?" అని అడిగావు. ర్యాంపు లేకనే ఇన్నాళ్లూ రాలేదేమో తల్లీ!

మన ఊళ్లో పెళ్లిబంతి చూశావుగా. సాంబారులో కారం తగ్గించే వేస్తారు. పసిపిల్లలూ తినాలి, అల్సరున్న పెద్దనాన్నా తినాలి. ఘాటు కావాలంటే విస్తట్లో ఆవకాయ ఉండనే ఉంటుంది. కింద కూర్చోలేని నానమ్మకు ఆ పందిట్లోనే బల్ల వేస్తారు గానీ, వంటింట్లోకి పంపించరు. అందరూ వస్తారని ముందే అనుకుని వండుతారన్నమాట. అందరూ కూర్చున్నాక "అయ్యో, మీరు తినేది ఏమీ చేయలేదే" అని పరుగులు పెడితే ఆ మనిషికి ముద్ద దిగుతుందా? పాఠమూ అంతే. చదవడానికీ, వినడానికీ, చేత్తో తాకి తెలుసుకోవడానికీ ఉంటే ఎవరికి కావలసింది వాళ్లు వడ్డించుకుంటారు.

ఇలా అందరినీ ముందే మనసులో పెట్టుకుని తయారు చేయడానికి యూనివర్సల్ డిజైన్ అని పేరు పెట్టింది అమెరికాలో రాన్ మేస్ అనే ఆర్కిటెక్ట్. తొమ్మిదేళ్లప్పుడు ఆయనకు పోలియో వచ్చింది. కాలేజీలో ఆయన్ని ఎత్తుకుని మెట్లు ఎక్కించాల్సి వచ్చేదట.

మా చిన్నప్పుడు మా క్లాసులోనూ పోలియో వచ్చినవాడు ఒకడుండేవాడు. వాళ్లన్న రోజూ వీపున మోసుకొచ్చేవాడు. లెక్క చెప్పడం ఆలస్యం, జవాబు వాడి నోట్లో ఉండేది. అన్న పైచదువుకి పట్నం వెళ్లాడు. వాడి చదువు అక్కడితో ఆగిపోయింది. అడ్డం వచ్చినవి నాలుగు మెట్లమ్మా! తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. బడులు అందరికీ అందుబాటులో ఉండాలని మన దేశంలో 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం చెబుతోంది. అది అప్పుడే ఉంటే ఎంత బాగుండేది!

మీ ర్యాంపుని టేపుతో కొలవండి. ఒక అడుగు ఎత్తుకి కనీసం 12 అడుగుల పొడవు ఉండాలి. అంతకన్నా నిటారుగా ఉంటే కుర్చీ తోసుకుంటూ ఎక్కడం కష్టం.

ఇంకో పని కూడా చెయ్యి. చూపులేని పిల్లలకు ఆండ్రాయిడ్ ఫోన్‌లో టాక్‌బ్యాక్ అనే సదుపాయం తెర మీది తెలుగుని చదివి వినిపిస్తుంది. హోంవర్కుని నోటుబుక్కు ఫొటో తీసి గ్రూపులో పెడితే ఆ చేతిరాత దానికి సరిగా అందదు. అందుకని నువ్వు టైపు చేసి పెట్టు.

సాయంత్రం నాన్నని అడిగి ఒక 500 నోటు, ఒక 100 నోటు తీసుకో. అరిగిపోనివి చూసుకో. కళ్లు మూసుకుని పక్క అంచులు వేలితో తడుము. ఒకదానికి ఐదు ఉబ్బెత్తు గీతలు, రెండోదానికి నాలుగు ఉంటాయి. ఏది ఏదో చెప్పగలిగావో లేదో నాకు రాయి.

ఇట్లు,
మీ తాతయ్య