మా ఊరి యాష్ చెట్లు ఏమైపోయాయి? ఒక పచ్చ పురుగు పాత కథ

మిషిగన్‌లో కాంటన్, నోవై సైడు ఉండే మనవాళ్లు గమనించే ఉంటారు, కొన్ని పాత సబ్‌డివిజన్లలో (అంటే ఇళ్ల కాలనీల్లో) ఇళ్లేమో ముప్పై నలభై ఏళ్లవి, ముందున్న చెట్లు మాత్రం నిన్నగాక మొన్న నాటినట్టు ఉంటాయి. లాన్‌లో అక్కడక్కడా గుండ్రంగా కుంగిన చోటు కనిపిస్తే అది యాష్ చెట్టు మొద్దు పీకేసిన గుర్తే అయ్యుండొచ్చు. (యాష్ అంటే బూడిద కాదండోయ్, చెట్టు పేరే అది.)

అసలు వీధంతా యాష్ చెట్లే ఎందుకు పెట్టారంటే, అంతకుముందు అమెరికా ఊళ్లలో వీధుల నిండా ఎల్మ్ చెట్లు ఉండేవి, డచ్ ఎల్మ్ తెగులొచ్చి అవి పోయాయి, ఆ ఖాళీల్లో తొందరగా పెరుగుతుంది, చలికి తట్టుకుంటుంది అని చాలాచోట్ల యాష్‌నే వరసపెట్టి నాటేశారు. ఒకే జాతిని నమ్ముకుని దెబ్బతిని మళ్లీ అదే పని చేయడం, ఏమనాలి చెప్పండి.

1990ల చివర్లో డిట్రాయిట్ చుట్టుపక్కల యాష్ చెట్లు ఎండుతుంటే యాష్ ఎల్లోస్ అనే జబ్బేమో అనుకున్నారు. 2002 వేసవిలో గానీ అసలు దొంగ దొరకలేదు, ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పచ్చ పురుగు. అది ఏ పురుగో గుర్తుపట్టడానికి ఇక్కడ ఎవరివల్లా కాక స్లొవేకియాలో ఉన్న నిపుణుడికి పంపాల్సొచ్చింది. తర్వాత చచ్చిన చెట్ల వలయాలు లెక్కేస్తే అది 1990ల మొదట్లోనే దిగిపోయిందని తేలింది, ఆసియా నుంచి సరుకుతో వచ్చే చెక్క పెట్టెల్లో వచ్చి ఉంటుందని అంచనా. అంటే దాదాపు పదేళ్లు ఎవరూ అడ్డు లేకుండా తింది.

చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, చిన్నప్పుడు అగ్గిపెట్టెలో తుమ్మాకులేసి పెంచుకున్న జీరంగి కుటుంబమే, కాకపోతే సన్నగా అరంగుళం ఉంటుంది. ఆకులు తినే పెద్ద పురుగుతో పెద్ద నష్టం లేదు, నష్టమంతా పిల్ల పురుగుతోనే. బెరడు కింద పాము పాకినట్టు మెలికలు మెలికలుగా తొలిచేసి, ఆకుల్లో తయారైన ఆహారం కిందికి దిగకుండా చేస్తుంది. ముందు చెట్టు తల పల్చబడుతుంది, వడ్రంగి పిట్టలు వచ్చి బెరడు చెక్కేస్తుంటాయి, అప్పటికి చాలావరకు ఆలస్యమైపోయినట్టే.

మొదట్లో పురుగు కనపడిన చోట చుట్టూ మంచి చెట్లని కూడా నరికేశారు, కెనడాలో ఆంటారియోవాళ్లయితే 2004లో ఏకంగా యాష్ లేని బెల్టే చేశారు, పురుగు అది కూడా దాటేసింది. కట్టెపుల్లలు వేరే ఊరికి తీసుకెళ్లొద్దని ఎంత మొత్తుకున్నా క్యాంపింగ్‌కి వెళ్లేవాళ్ల కార్లెక్కి అదీ టూర్లు తిరిగింది. 2021 జనవరిలో ఫెడరల్ గవర్నమెంటు యాష్ కలప, కట్టెల రవాణా మీద పెట్టిన క్వారంటైన్ ఎత్తేసింది, ఆ మరుసటేడు పురుగు పడమటి తీరంలోని ఆరెగాన్‌లో తేలింది.

ఇప్పుడు మిగిలిన దారులు రెండు. అడవుల్లో చైనా, రష్యా నుంచి తెచ్చిన, ఈ పురుగుని చంపే బుల్లి కందిరీగల్ని వదులుతున్నారు, 2007 నుంచి. ఇంటిముందు చెట్టుకైతే మాను అడుగున కన్నాలు పెట్టి మందు ఎక్కిస్తారు, ఆ మందు ఎమామెక్టిన్ బెంజోయేట్, అవును, మన మిర్చి చేలల్లో కొట్టేదే. మా పక్కింటి పెద్దాయన రెండు మూడేళ్లకోసారి ఎక్కిస్తాడు, ఖర్చు చూసి వాళ్లావిడ గొణుగుతుంది గానీ మా వీధిలో నీడున్న పాత యాష్ అదొక్కటే.